పోపు లేని బూడిద గుమ్మడికాయ కూర

మొన్న హైదర్‌గూడ నుంచి ఒకామె మా మెస్‌కి వచ్చింది. వాళ్ల అబ్బాయికి జ్వరం తగ్గింది కానీ అన్నం దగ్గరికి రానివ్వడం లేదట. ఏం వండినా కుళ్లిన కంపు అంటున్నాడట. ఇంట్లో అందరూ నాటకం అనుకుంటున్నారు. "మీ దగ్గర ఇట్లాంటి పిల్ల ఒకామె ఉండేదట గదా, ఏం పెట్టిండ్రు?" అని అడిగింది. నిలబడే చెప్పాను, సగం మర్చిపోయి చెప్పాను. ఆమె వెళ్లాక మనసు ఊరుకోలేదు. ఇట్లా ఇంకెన్ని ఇళ్లలో పిల్లలు పళ్లెం ముందు ఏడుస్తున్నారో. అందుకే మొత్తం రాస్తున్నాను. వంట చేసేవాళ్లు చదివితే పనికొస్తుంది, చేయనివాళ్లు చదివితే ఆశ్చర్యపోతారు. నేనైతే ఇప్పటికీ ఆశ్చర్యంలోనే ఉన్నాను.

ఇది 2022 వానాకాలం మాట. అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్ కింది అంతస్తులో నాకు మెస్ ఉంది. పైన ఉండే పిల్లలంతా ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు చదువుకునేవాళ్లు. పొద్దున తిని కోచింగ్‌కో లైబ్రరీకో పోతారు, మధ్యాహ్నం వచ్చి తింటూ కూడా చదువుతారు. నేను పదో తరగతితో ఆపేశాను. ఆ తర్వాత చదివిందంతా నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న లైబ్రరీ పుణ్యమే. మధ్యాహ్నం వడ్డన అయ్యాక వెళ్లి కూర్చునేదాన్ని. ఇంగ్లీషు వంట పుస్తకాలు, పక్కన డిక్షనరీ. మొదట్లో ఒక పేజీకి ఒక సాయంత్రం పట్టేది. అట్లా కూడబలుక్కొని పంజాబ్, గుజరాత్, బెంగాల్, కేరళ వంటలు నేర్చుకున్నాను. వారంలో ఒక రోజు పనీర్ మఖనీ, ఒక రోజు ఆలూ దమ్, ఒక రోజు చెట్టినాడు వంకాయ. ఈ గల్లీలో ఏ మెస్‌లోనూ ఇన్ని ప్రాంతాల కూరలు ఉండవని నాకు గొప్పగా ఉండేది.

ఇక్కడ మా వృత్తిలోని ఒక పద్ధతి చెప్పాలి. మెస్ వంటలో 'బేస్' అని ఒకటి ఉంటుంది. పొద్దున్నే పెద్ద గిన్నెలో ఉల్లిగడ్డ, అల్లం, ఎల్లిగడ్డ, టమాట ఎర్రగా వేయించి, రుబ్బి పెట్టుకుంటాం. రోజంతా ఏ కూరకైనా అదే పునాది. దాంట్లో పాలమీగడ పడితే పంజాబీ, మిరియాలు, సోంపు పడితే చెట్టినాడు. అంత మందికి వండాలంటే వేరే దారి లేదు, అన్ని మెస్‌లూ అంతే.

స్రవంతిది నాగర్‌కర్నూల్ దగ్గర ఒక ఊరు. తండ్రి నర్సింహ గారు పత్తి రైతు. సన్నగా, చురుగ్గా ఉండే పిల్ల. వడ్డించేటప్పుడు "అక్కా, ఈ కూర ఏ రాష్ట్రంది?" అని అడిగేది ఆ హాస్టల్‌లో ఆమె ఒక్కతే. జనరల్ నాలెడ్జ్ కోసమని నవ్వేది. ఆ వానల్లో హాస్టల్‌లో సగం మందికి జ్వరాలు వచ్చాయి. అందరికీ తగ్గింది, ఆమెకూ తగ్గింది. కానీ ఆమె కిందికి రావడం మానేసింది. బిస్కెట్లు, అరటిపండ్లు తిని ఉంటోందని ఆమె రూమ్మేట్ కవిత చెప్పింది.

పళ్లెంలో అన్నం, పప్పు, ఉడుకుడుకు టమాట కూర పెట్టుకొని నేనే పైకి వెళ్లాను. తలుపు తీయగానే ముక్కు మూసుకుంది.

"జర దూరం పెట్టక్కా. దండం పెడత."

"ఏమైంది బిడ్డా? పొద్దున చేసిందే, పాడైంది కాదు."

"తెల్సక్కా. అందరు మంచిగున్నదనే అంటున్నరు. నాకే మురికి మోరీ కంపు కొడుతున్నది. మోరీల టైరు కాలినట్టు. మీరు కింద ఉల్లిగడ్డ ఏంచుతరు సూడు, కవిత ఆకలైతున్నది అంటది. నేను బాత్రూంకు ఉరుకుత."

డాక్టర్ దగ్గరికి కూడా పోయి వచ్చింది. జ్వరంతో ముక్కు నరాలు దెబ్బతిన్నాయి, మెల్లగా అవే సర్దుకుంటాయి, నెలలు పట్టొచ్చు, అప్పటిదాకా తినగలిగింది తినమన్నారట. తినగలిగిందే లేదు. చెంపలు లోపలికి పోయాయి. చదవబోతే కళ్లు తిరుగుతున్నాయంది. పరీక్ష వచ్చే నెలలోనే.

"మా నాయినకు తెల్సింది. ఆదివారం వస్తనన్నడు, సామాను సదురుకోమన్నడు. ఇప్పుడు పోతే మళ్ల రానక్కా. ఇంటికాడ పత్తి పని, ఇంటి పని. పుస్తకం ఎవరు ముట్టనిస్తరు? నాయిన మంచోడే, కానీ బక్కగైనదంటే భయపడతడు."

కిందికి వచ్చి మా యాదమ్మకు చెప్పాను. యాదమ్మ నాతో పాటు మొదటి నుంచీ ఉన్న మనిషి, పోపు పెట్టడంలో ఆమెకు ఆమే సాటి. "నోరు సచ్చిపోయింది పిల్లకు. మిర్యాలు దంచి, ఎల్లిగడ్డ ఎక్కువేసి చారు పెడ్దాం. కారం తగిలితే నోరు లేస్తది" అంది. నాకూ అదే తోచింది. జ్వరం పడ్డవాళ్లకు మనందరం చేసేది అదే గదా. నెయ్యిలో ఎల్లిగడ్డ ఎర్రగా వేయించి, ఘుమఘుమలాడే చారు పట్టుకొని పోయాను. స్రవంతి నా మొహం చూసి ఒక్క బుక్క మింగింది. తర్వాత జరిగింది రాయను. మంచినీళ్లు తాగించి, నేల తుడిచి వచ్చాను.

ఆ మధ్యాహ్నం లైబ్రరీలో వంట పుస్తకాల వైపు వెళ్లలేదు. అక్కడ పనిచేసే రాజేశ్వర్ గారిని, ముక్కు, నాలుక ఎట్లా పనిచేస్తాయో చెప్పే పుస్తకం కావాలని అడిగాను. "వంట వదిలి వైద్యంల పడ్డవా వసంతమ్మా?" అని నవ్వి, శరీర శాస్త్రం పుస్తకాలు రెండు మూడు తెచ్చి పెట్టారు.

ఇన్నేళ్లు వండుతూ తెలియని సంగతి అది. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, పప్పుల్లో పుట్టగొడుగుల్లో ఉండే ఒక కమ్మదనం, అంతే. కారం అసలు రుచే కాదట, మంట అట. మిగతాదంతా వాసన. మనం నమిలేటప్పుడు వాసన గొంతు వెనక నుంచి పైకి పోయి ముక్కుకు తగులుతుంది. మనం రుచి అనుకునేది చాలావరకు ముక్కు పని. వంకాయకూ బీరకాయకూ తేడా చెప్పేది ముక్కు. నేను నాలుక కోసం వండుతున్నాననుకున్నాను, ఇంతకాలం వండింది ముక్కు కోసం. ఇంకొక చోట, వేయించినవీ మాడ్చినవీ, ఉల్లి, ఎల్లి, కాఫీ వంటివి ఇట్లాంటి రోగులను ఎక్కువ బాధపెడతాయనీ, చల్లారిన తిండి కొంత నయమనీ రాసి ఉంది. వేడి మీద వాసన ఎక్కువ లేస్తుంది గదా మరి.

తిరిగి వచ్చి స్రవంతి గదిలో చిన్న చిన్న గిన్నెలు పెట్టాను. పచ్చి కొబ్బరి, దోసకాయ, చల్లారిన అన్నం, పచ్చి జీలకర్ర, వేయించిన జీలకర్ర, పచ్చి ఉల్లిగడ్డ, వేయించిన ఉల్లిగడ్డ. కవిత కూడా గిన్నెలు మోసుకొచ్చి మంచం మీద కూర్చుంది. "అక్కా, ఇది ఇంటర్ ప్రాక్టికల్స్ లెక్కున్నది" అంది.

స్రవంతి ఒక్కొక్కటి వాసన చూసింది. కొబ్బరికి ఏమీ రావడం లేదంది. దోసకాయ "పర్వాలేదు." అన్నం కూడా పర్వాలేదు. పచ్చి జీలకర్రకు తల ఊపింది. వేయించిన జీలకర్ర గిన్నె ఎత్తగానే దూరం తోసింది. పచ్చి ఉల్లిగడ్డను కాసేపు ఓర్చుకుంది, వేయించింది మూత తీయనేలేదు.

నాకు అప్పుడు అర్థమైంది. ఆమెకు పడనిది ఫలానా కూరగాయ కాదు, నూనెలో ఎర్రబడే వాసన. మనం ఆకలి పుట్టించేదని దేన్ని అంటామో అదే. ఆ లెక్కన నా పంజాబ్, నా చెట్టినాడు, నా బెంగాల్ అన్నీ ఆమెకు ఒకే కంపు. వాటన్నిటి కింద ఉన్నది ఒకే బేస్ గదా. పేర్లు వేరు, ముక్కుకు మాత్రం ఒకే కూర.

మర్నాడు పాత వంట పుస్తకాలనే మళ్లీ తీశాను. ఈసారి ఒకే ప్రశ్నతో చదివాను: ఏది ఎర్రగా వేయించకుండా రుచి తెప్పిస్తుంది? ముందు ఎన్నోసార్లు తిప్పేసిన పేజీలు ఇప్పుడు నన్ను ఆపాయి. కేరళవాళ్ల ఓలన్ ఉంది. బూడిద గుమ్మడికాయ, అలసందలు నీళ్లలో ఉడికించి, పచ్చిమిర్చి చీల్చి వేసి, పలచటి కొబ్బరిపాలు పోసి, పొయ్యి ఆర్పాక చిక్కటి పాలు కలుపుతారు. పోపు లేదు, పసుపు కూడా లేదు. ఉడుపి వైపు, పచ్చి కొబ్బరి, జీలకర్ర రుబ్బి మజ్జిగలో కలిపి కూరగాయ ముక్కలకు పట్టిస్తారు. బెంగాల్‌వాళ్లు భోజనం మొదట్లోనే కాకరకాయ చేదుతో శుక్తో తింటారు. ఒడిశాలో కూరగాయలు ఉడికించి పాలు పోస్తారు. ఎవరు కనిపెట్టారు ఇవన్నీ? ఒక్కొక్క చోట ఎవరో ఒకరు, మా బేస్ లేకుండా, ఎర్రటి రంగు లేకుండా, కాయ రుచి కాయకే వదిలేసి కమ్మగా వండే దారి వెతికారు. నేను ఆ పుస్తకాలు ఇంతకు ముందు చదివానే గానీ, ప్రతి వంటా మా ఉల్లిగడ్డ గిన్నెలో ముంచి తెచ్చుకున్నానన్నమాట. ఆ హాల్లో కూర్చొని, చుట్టూ పరీక్షల పిల్లలు వంచిన తల ఎత్తకుండా చదువుతుంటే, నేను నోరు తెరుచుకొని గోడ వైపు చూస్తూ ఉండిపోయాను.

నారాయణగూడ మార్కెట్‌లో లక్ష్మమ్మ దగ్గర బూడిద గుమ్మడికాయ అడిగాను. "ఎవల ఇంటికక్కా? గుమ్మానికి కట్టేదా?" అంది. మా వైపు దాన్ని దిష్టికి కడతారు, లేకపోతే వడియాలు పెడతారు. కూరకు అంటే నమ్మలేదు. "కూరకా? ఏం రుచుంటది దాంట్ల, నీళ్లు తప్ప?" అంటూనే లేతది ఏరి ఇచ్చింది.

బేస్ పొయ్యి మీదికి ఎక్కకముందే వండాలి, లేకపోతే వంటిల్లంతా ఉల్లి వాసన. మా గిన్నెలకూ గంటెలకూ కూడా ఆ వాసన పట్టి ఉంటుంది. అందుకని ఇంటి నుంచి చిన్న గిన్నె, కొత్త గంటె తెచ్చుకున్నాను. ఓలన్ తెల్లగా, పలచగా కుదిరింది. చల్లారనిచ్చి, మూత పెట్టి, చట్నీ సంగతి చూడడానికి పక్కకు వెళ్లాను. తిరిగి వచ్చి మూత తీస్తే పైన ఎర్రటి నూనె, ఎండుమిర్చి, ఎర్రగా వేగిన ఎల్లిగడ్డ రెబ్బలు తేలుతున్నాయి.

"యాదమ్మా!"

"ఏందక్కా?"

"ఇదేంది?"

"పోపు మర్సిపోయినవు గదా. తెల్లగ, దిక్కులేని దాని లెక్కున్నది కూర. పిల్లకు పెట్టేది, గట్ల పంపుతమా? నేనే పెట్టిన" అంది సంతోషంగా.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆమె తప్పేం లేదు. పోపు పడని కూర మాకు కూర కింద లెక్క కాదు, జుట్టు దువ్వకుండా పిల్లను బడికి పంపినట్టు. ఆ రోజు స్రవంతి మళ్లీ అరటిపండుతోనే సరిపెట్టుకుంది. శుక్రవారం గడిచిపోయింది.

శనివారం పొద్దున యాదమ్మను పక్కన కూర్చోబెట్టి మళ్లీ చేశాను. ఆమె కొబ్బరి తురిమి పాలు పిండింది. చివర్లో ఆమె చేయి పోపు గరిటె వైపు వెళ్లడం చూశాను. "ఒద్దంటే ఒద్దు" అని తనకు తానే చెప్పుకొని, చేయి కొంగులో చుట్టుకుంది.

చల్లారిన అన్నం, చల్లారిన ఓలన్. స్రవంతి మొదట గిన్నెను దూరం నుంచే చూసింది. దగ్గరికి తీసుకుంది. వాసన చూడలేదు, కళ్లు మూసుకొని నోట్లో పెట్టుకుంది. మేం ముగ్గురం, నేను, యాదమ్మ, కవిత, పక్కనే నిలబడ్డాం. నమిలింది. మింగింది. కళ్లు తెరిచింది.

"కంపు లేదక్కా."

"ఇంకా?"

"మెత్తగున్నది. అలసంద తగులుతున్నది. జర తియ్యగున్నది." ఇంకో బుక్క తిన్నది. తలొంచుకొని తింటూ ఉంటే కన్నీళ్లు పళ్లెంలో పడ్డాయి. యాదమ్మ "ఉప్పు నేను సరిగ్గనే ఏసిన, మళ్ల నువ్వెందుకు కలుపుతున్నవ్?" అంటే పిల్ల నవ్వింది. జ్వరం తర్వాత ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం మజ్జిగలో సొరకాయ. రాత్రికి కాకరకాయ, చిలగడదుంప, మునక్కాయ, అరటికాయ వేయించకుండా ఉడికించి, పాలు పోసి, శుక్తో లాంటిది. అది తింటూ ఆగిపోయింది. "చేదు తెలుస్తున్నదక్కా! చేదు చేదు లెక్కనే ఉన్నది!" అని గట్టిగా అరిచింది. కాకరకాయ చేదుగా ఉందని అంత సంబరపడిన మనిషిని నేను చూడలేదు. ముక్కు మోసం చేసినా నాలుక చేయలేదు. పుస్తకంలో చదివింది నా కళ్ల ముందు, ఒక పిల్ల మొహంలో జరుగుతుంటే, నాకు గుడిలో నిలబడ్డట్టు అనిపించింది.

అప్పుడు ఆమెకు తనంతట తానే ఒకటి గుర్తొచ్చింది. "అక్కా, మన పచ్చి పులుసు, ఉల్లిగడ్డ లేకుండ, పోపు లేకుండ చేస్తవా రేపు? అదసలు పొయ్యి మీద పెట్టేదే కాదు గదా." నిజమే. చింతపండు రసం, ఉప్పు, బెల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర. దేశమంతా పుస్తకాల్లో తిరిగిన నాకు అది తట్టలేదు. అంతకన్నా నన్ను కదిలించింది వేరు. ఆ పిల్ల ఇది కావాలని నోరు తెరిచి అడిగింది.

ఆదివారం నర్సింహ గారు వచ్చారు. తెల్ల పంచె, చేతిలో ఖాళీ గోనె సంచి, కూతురి పుస్తకాలు వేసుకుపోవడానికి. బిడ్డను చూడగానే ఆయన మొహం వాడిపోయింది. "ఇంత బక్కగైతే ఫోన్‌ల ఎందుకు చెప్పకపోతివి బిడ్డా? పా, పోదాం. పానం కన్న పరీక్ష ఎక్కువనా?"

"తిన్నంక మాట్లాడుదాం నాయినా" అంది స్రవంతి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయనకు మామూలు భోజనం పెట్టాను, ఆమెకు ఓలన్, పచ్చి పులుసు. ఆయన తన పళ్లెం ముట్టలేదు, ఆమె చేతినే చూస్తున్నారు. ఆమె పులుసు కలుపుకొని జుర్రుకుంటూ తిన్నది. ఓలన్ అయిపోతే గిన్నె నా వైపు జరిపి "ఇంక జరంత ఎయ్యక్కా" అంది.

నర్సింహ గారు చేయి చాపి, ఆ తెల్ల కూర ఒక ముక్క తీసుకొని నోట్లో వేసుకున్నారు. చాలాసేపు నమిలారు.

"గిదేం కూరమ్మా?"

"బూడిద గుమ్మడికాయ అన్నా. కేరళల చేస్తరు."

"సప్పగున్నది."

"నీకు సప్పగుంటది నాయినా" అంది స్రవంతి. "నాకు అన్నం తిన్నట్టున్నది."

పక్క బల్ల మీది పిల్లలు కూడా తినడం ఆపి చూస్తున్నారు. ఆయన తన భోజనం తిన్నారు, చేయి కడుక్కున్నారు, "ఈ కాయ ఇక్కడ యాడ దొరుకుతది?" అని అడిగారు. నారాయణగూడ మార్కెట్‌లో అని లక్ష్మమ్మ గుర్తులు చెప్పాను. గోనె సంచి తీసుకొని బయటికి పోయారు. స్రవంతి గడపలో నిలబడింది. పైకి పోయి సామాను సర్దాలో లేదో ఆమెకు తెలియలేదు, మాకూ తెలియలేదు.

సాయంత్రం అవుతుండగా ఆటో దిగారు. సంచి బరువుతో వంగి ఉంది. వంటింటి గోడ వెంబడి ఒక్కొక్క గుమ్మడికాయ తీసి, కింద గడ్డి వేసి, ఒకదానికొకటి తగలకుండా పేర్చారు, రైతు కాబట్టి. "ముదురుయి సూసి తెచ్చిన. పచ్చిగ లేవు, పాడుగావు. పరీక్ష దాంక వస్తయ్" అన్నారు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకొని, బిడ్డ తల మీద చేయి వేసి, బస్సుకు వెళ్లిపోయారు.

స్రవంతి ఆ కాయలు తింటూనే చదివి పరీక్ష రాసింది. ఆ ఉద్యోగం రాలేదు. రెండోసారి రాసింది, వచ్చింది. వాసన ఒక్కసారిగా తిరిగి రాలేదు. ముందు కొత్తిమీర, చాలా రోజులకు కాఫీ, అన్నిటికన్నా చివర ఉల్లిగడ్డ. ఇప్పటికీ ఎల్లిగడ్డ మాడితే మొహం తిప్పుకుంటుంది. మా మెస్‌లో మాత్రం రోజూ ఒక కూర బేస్ లేకుండా వండుతున్నాం. మొదట్లో "దానికి స్పెషల్, మాకు బేసా అక్కా?" అని దెప్పిపొడిచిన కవితే దానికి గిన్నె పట్టుకొని ముందు నిలబడేది.

ఈ అనుభవం నాకు నేర్పింది ఇది. ఎవరైనా తినలేకపోతున్నానంటే మనం వెంటనే ఏదో ఒకటి ఎక్కువ వేస్తాం, ఉప్పో కారమో నెయ్యో. ఇప్పుడు నేను ముందు పక్కన కూర్చుంటాను, నీకు ఇది ఏ వాసన వస్తున్నది అని అడుగుతాను, చెప్పింది నమ్ముతాను. మనిషి మనిషికీ లోకం వేరే వాసన వేస్తుందని తెలిశాక, వంట చేయడం నాకు ఇంకా పెద్ద పని అయింది.

పోపు గరిటె ముట్టకుండా ఆగిన యాదమ్మకు, వంట మనిషి అడిగితే శరీర శాస్త్రం పుస్తకం తెచ్చి పెట్టిన రాజేశ్వర్ గారికి, దిష్టి కాయను కూరకు ఇచ్చిన లక్ష్మమ్మకు, ఆ గిన్నెలన్నీ మోసిన కవితకు, ఖాళీ సంచి మడిచి పట్టుకెళ్లిన నర్సింహ గారికి నా దండాలు. అందరికన్నా ముందు స్రవంతికి. ఇది రాస్తానంటే ఫోన్‌లో ఒప్పుకుంది, పేరు కూడా పెట్టమంది. "కానీ అక్కా, సప్పటి కూర తిని బతికిందని రాయకు. నాకు అది సప్పగ లేకుండె" అంది.